ఒకే తాను, రెండు ఎరుపులు: ఒక అద్దకం యూనిట్ కేస్ స్టడీ

రంగులు వేసే చిన్న యూనిట్లకు సలహా ఇవ్వడం నా పని. ఏడాది పొడవునా ఫిర్యాదులు వస్తూనే ఉంటాయి. చాలావరకు ఫోన్‌లో నాలుగు ప్రశ్నలు అడిగితే తేలిపోతాయి. ఈ కేసు అలా తేలలేదు సరికదా, రెండు రోజులు నేనే దారి తప్పాను. అందుకే వివరంగా రాసి పెడుతున్నాను. యూనిట్ ఎవరిదో తెలియకుండా కొన్ని సంగతులు మార్చాను. కొలతలు, వేడి, మోతాదులు మాత్రం మార్చలేదు.

నేపథ్యం

యజమానురాలు, నలుగురు పనివాళ్ళు, మూడు పొయ్యిలు. ఏడేళ్ళుగా అక్కడ సహజ రంగులే వేస్తున్నారు: నీలిమందు, మాడర్ వేరు, దానిమ్మ తొక్క, కాచు. మాడర్ అంటే మంజిష్ఠకు దగ్గరి చుట్టమైన మొక్క, దాని వేళ్ళలో ఎరుపు ఉంటుంది. రెండేళ్ళ కిందట కొనేవాళ్ళు నెమలికంఠం, ముదురు గులాబీ లాంటి షేడ్లు అడగడం మొదలుపెట్టాక రియాక్టివ్ రంగులు, అంటే బట్టతో రసాయన బంధం వేసుకునే ప్యాకెట్ రంగులు, కూడా తెచ్చుకున్నారు.

సహజ రంగుల కోసం ఆవిడ దగ్గర లావుపాటి నోట్‌బుక్ ఉంది. ప్రతి బ్యాచ్‌కూ ఒక గుడ్డముక్క అంటించి, పక్కన బట్ట బరువు, కరక్కాయ ఎంత, పటిక ఎంత, ఎంతసేపు కాచారు, అన్నీ రాసుకున్నారు. చూస్తే ముచ్చటేసింది. రియాక్టివ్ రంగులకు నోట్‌బుక్ ఏదని అడిగితే గోడ వైపు చూపించారు. అక్కడ ఒక కాగితం అంటించి ఉంది, అంతే.

"అది ప్యాకెట్ రంగే కదండీ, రాసుకునేదేముంది?" అన్నారు.

ఆ మాటను అప్పుడు నేను పట్టించుకోలేదు. గోడ మీది కాగితాన్ని కూడా చదవలేదు.

సమస్య

ఒక ఆర్డర్ కోసం వంద మీటర్ల నూలు బట్ట, ఒకే లాట్, కొన్నారు. అందులో నలభై మీటర్లు మాడర్‌తో, అరవై మీటర్లు రియాక్టివ్ ఎరుపుతో అద్దాలి. రెండూ జతగా వేసుకునే బట్టలు కాబట్టి ఎరుపులు దగ్గరదగ్గరగా ఉండాలి. వచ్చిన ఫలితం ఇది:

రెండు బట్టల మీదా వెలిసినట్టుండే మచ్చలు, నీళ్ళు చిందిన మరకల్లా. రియాక్టివ్ ఎరుపు మొదటి ఉతుకులోనే పక్కనున్న తెల్లబట్టకు అంటింది. మాడర్ ఎరుపు అసలు ఎరుపే కాదు, ఇటుకకూ వంకాయకూ మధ్య ఏదో రంగు.

మచ్చల్లో ఒకటి మాత్రం అక్కడికక్కడే తేలింది. రియాక్టివ్ బట్ట అంచు కుట్టు పొడవునా తెల్లగీత ఉంది. దారం ఒకటి లాగి వెలిగించాను. కరిగి, గట్టి పూసలా ముడుచుకుంది. నూలు దారమైతే కాగితంలా మండి బూడిదవుతుంది. ఇది పాలిస్టర్ దారం. రియాక్టివ్ రంగు దానికి అంటనే అంటదు. పాలిస్టర్‌కు డిస్పర్స్ రంగులు వేరే, వాటి వేడి లెక్క వేరే. అంచు తాత్కాలికంగా కుట్టినదే కాబట్టి దాన్ని పక్కన పెట్టేశాం.

నేను వెళ్ళేలోపు చేసినవి

ఆవిడ అనుమానం రంగు డబ్బా మీద. కల్తీదో, పాతదో అయి ఉంటుందని వేరేచోట కొత్త డబ్బా కొన్నారు. ఫలితం మారలేదు. తర్వాత రంగు సరిపోవడం లేదనుకుని రెండు శాతాన్ని నాలుగు శాతం చేశారు. శాతం అంటే బట్ట బరువులో శాతం, కిలో బట్టకు 20 గ్రాములు వేసేచోట 40 గ్రాములు వేశారన్నమాట. బట్ట కాస్త ముదిరింది, రంగు దిగడం మాత్రం రెట్టింపయింది. మచ్చలు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడ్డాయి, చుట్టూ ఉన్న రంగు ముదిరింది కాబట్టి.

ఆ తర్వాత ఎవరో చెబితే ఫిక్సర్ తెచ్చి పది మీటర్లను అందులో ముంచారు. మొదటి ఉతుకులో రంగు దిగలేదు. సంబరపడ్డారు. నాలుగో ఉతుక్కి మళ్ళీ మొదలు.

ఈ ఫిక్సర్ సంగతి కొంచెం చెప్పాలి. రంగు అణువులకు ఋణావేశం ఉంటుంది, ఫిక్సర్‌కు ధనావేశం. రెండూ అతుక్కుని నీళ్ళలో అంత తేలిగ్గా కరగని ముద్ద అవుతాయి. రసాయన బంధం లేకుండా బట్టకు అంటుకునే డైరెక్ట్ రంగులు వేసేవాళ్ళకు ఇది పనికొచ్చే వస్తువే. కానీ రియాక్టివ్ రంగు బట్టతో రసాయన బంధం వేసుకోవాల్సిన రంగు. ఆ బంధం పడనప్పుడు దాని మీద ఫిక్సర్ పూయడమంటే తాళం పడని తలుపుకు కుర్చీ అడ్డం పెట్టడమే. పైగా తర్వాత ఆ బట్టను సరిచేయడం కష్టమవుతుంది. ఇక్కడా అదే జరిగింది, చివర్లో చెబుతాను.

నా మొదటి అంచనా, ఎక్కడ తప్పింది

ఆలోచన సరిగ్గానే మొదలుపెట్టాననుకున్నాను. మాడర్ రంగు బట్టకు పట్టే తీరు వేరు, రియాక్టివ్ రంగు పట్టే తీరు వేరు. రెండూ ఒకేసారి చెడితే కారణం రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాంట్లో వెతకాలి. ఉమ్మడిగా ఉన్నవి నీళ్ళు, బట్ట, మనుషులు. నేను నీళ్ళు పట్టుకున్నాను.

ఎందుకంటే నీళ్ళ తప్పు చాలాచోట్ల చూశాను. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్ళు రియాక్టివ్ రంగును మసకబారుస్తాయి, సబ్బును పనిచేయనివ్వవు. ఇనుమున్న నీళ్ళు సహజ రంగుల ప్రకాశాన్ని చంపేస్తాయి. ఇనుము ఉందేమో చూడటానికి కుళాయి నీళ్ళలో కరక్కాయ కషాయం నాలుగు చుక్కలు వేశాను. కరక్కాయలో ఉండే టానిన్‌కు ఇనుము తగిలితే సిరాలా నల్లబడుతుంది. నల్లబడలేదు. ఇనుము లేదు, అయితే కాఠిన్యమే అయి ఉంటుంది అని తేల్చేశాను.

బట్ట ముక్క ఒకటి, వాళ్ళ పటిక డబ్బాలోంచి కొంచెం పటిక, మాడర్ పొడి నా గదికి తెచ్చుకున్నాను. డిస్టిల్డ్ వాటర్‌లో గాజు బీకర్‌లో అద్దాను. వంకాయ ఛాయ పోయింది. ఎరుపు వచ్చింది, కాకపోతే కాస్త నారింజ వైపు మొగ్గింది. మచ్చ మాత్రం ఉంది. ఒక చిన్న ముక్కలో మచ్చ ఎంతని, దాన్ని వదిలేశాను.

ఇక్కడ రెండు పొరపాట్లు చేశాను. మొదటిది, నీళ్ళతో పాటు పాత్ర కూడా మార్చాను. ఫలితం మారింది కానీ ఏది మార్చడం వల్ల మారిందో తెలియదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు మొదటిరోజే చెప్పే సంగతి ఇది. రెండోది, నారింజ మొగ్గు ఎందుకు వచ్చిందో ఆలోచించలేదు. మాడర్‌కు కాల్షియం కావాలి. నీళ్ళలో కాస్త సున్నపు గుణం ఉంటేనే దాని ఎరుపు నిండుగా వస్తుంది. మరీ మెత్తటి నీళ్ళు వాడేవాళ్ళు అందుకే చాక్‌పొడి కలుపుకుంటారు. అంటే నేను సూచించబోతున్న మందు ఆ రంగుకు మేలు కాదు, కీడు.

నీళ్ళను మెత్తబరిచే యంత్రం కొనమని చెప్పేసేవాణ్ణే. కొనేముందు మీ దగ్గరే ఒకసారి డిస్టిల్డ్ వాటర్‌తో చేసి చూద్దామన్నాను, అదొక్కటే ఆరోజు నేను చేసిన మంచిపని. వాళ్ళ గిన్నెలో, వాళ్ళ పొయ్యి మీద, నా నీళ్ళతో. మళ్ళీ వంకాయే వచ్చింది.

ఇంకో మాట. నీళ్ళ తప్పైతే తాను అంతటా ఒకేలా ఉండాలి. తొట్టిలో నీళ్ళు ఒకచోట మంచివి, ఒకచోట చెడ్డవి ఉండవు కదా. మచ్చలున్నాయంటేనే నీళ్ళు కారణం కావని మొదటి గంటలోనే తట్టాల్సింది. మూడు ఫిర్యాదులకూ ఒకే మూలం ఉంటుందని ముందే అనుకోవడం వల్ల తట్టలేదు.

మడత

మూడోరోజు ఏం చేయాలో తోచక మచ్చలున్న బట్టను బల్ల మీద పరిచి చూస్తూ కూర్చున్నాను. మచ్చల మధ్య దూరం ఇంచుమించు ఒకేలా ఉందనిపించింది. టేపు పెట్టి కొలిస్తే రమారమి మీటరు. తాను అంగడి నుంచి వచ్చినప్పుడు ఉన్న మడతలు ఇంకా లీలగా కనబడుతున్నాయి. ఆ గీతల వెంట బట్టను మళ్ళీ మడిచాను. మచ్చలన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చున్నాయి.

మాడర్ బట్టనూ అలాగే మడిచి చూశాం. అంతే.

అద్దకానికి ముందు ఈ బట్టను ఎలా శుభ్రం చేశారని అడిగాను. రాత్రి సర్ఫు నీళ్ళలో నానేసి, పొద్దున జాడించారట. మడత విప్పకుండానే. "ఎప్పుడూ అంతే చేస్తాం, ఎప్పుడూ ఏం కాలేదు" అన్నారు పనివాళ్ళలో పెద్దాయన. నిజమే. ఎప్పుడూ కొనేది ఉడకబెట్టి శుభ్రం చేసిన బట్ట. ఈసారి వచ్చింది కోరా బట్ట, మగ్గం మీంచి దిగినట్టే. అమ్మినవాళ్ళు ఉతికిందేనని చెప్పారట.

చుక్క పరీక్ష చేశాం. రంగు వేయకుండా మిగిలిన ముక్క మీద నీటిచుక్క వేస్తే, మడత పైభాగంలో ఉన్నచోట రెండు మూడు సెకన్లలో ఇంకింది. మడత లోపల ఉన్నచోట ముత్యంలా నిలబడింది. నిమిషం చూసినా కదల్లేదు. పత్తిపోగుకు పుట్టుకతోనే ఒక మైనపు పూత ఉంటుంది, అది అక్కడ అలాగే ఉంది. తర్వాత అదే చోట అయోడిన్ చుక్క వేశాను. నీలి నలుపు. అంటే నేతకు ముందు పడుగుకు పెట్టిన గంజి కూడా పోలేదు. (అయోడిన్ వేసేటప్పుడు బట్ట చల్లగా ఉండాలి. వేడిగా ఉంటే గంజి ఉన్నా నీలం కనబడదు.)

మైనం నీళ్ళను రానివ్వదు, గంజి రంగును తనే తాగేసి ఉతుకులో వదిలేస్తుంది. పైన వేసేది మాడర్ రంగైనా, ప్యాకెట్ రంగైనా అక్కడికి చేరేది కాదు.

పది గ్రాముల ముక్కలు

మచ్చల కథ తేలింది. రంగు దిగడం, వంకాయ ఛాయ ఇంకా ఉన్నాయి. ఈసారి తొందరపడదలచుకోలేదు. మూడూ ఒకే తప్పా, మూడు తప్పులా అన్నది ముందు తేలాలి.

రియాక్టివ్ ఎరుపుతో మొదలుపెట్టాం. పది గ్రాముల ముక్కలు నాలుగు. పాత లాట్ మంచి బట్ట రెండు, కొత్త లాట్ రెండు. ఒక్కో రకంలో ఒకటి గది వేడిలో, సుమారు 30 డిగ్రీల దగ్గర, మరొకటి వాళ్ళు రోజూ చేసే 80 డిగ్రీల దగ్గర. మిగతా అంతా ఒకటే. పది గ్రాములకు రెండు శాతం అంటే 0.2 గ్రాములు. వాళ్ళ తక్కెడ అంత చిన్నది తూచలేదు. అందుకని గ్రాము రంగును వంద మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి స్టాక్ చేసి, అందులోంచి ఇరవై మిల్లీలీటర్లు తీసుకున్నాం. బట్టకు ఇరవై రెట్లు, అంటే మొత్తం 200 మిల్లీలీటర్ల నీళ్ళు, పది గ్రాముల ఉప్పు. అరగంట తర్వాత విడిగా కరిగించిన సోడా యాష్ (క్షారగుణమున్న పొడి) రెండు గ్రాములు, బట్ట పక్కకు తీసి పోశాం. తర్వాత గంటసేపు.

80 డిగ్రీలు ఎక్కడి నుంచి వచ్చిందని అప్పుడు అడిగాను. పెద్దాయన గోడ మీది కాగితం చూపించారు. దగ్గరికెళ్ళి చదివాను. ఆ కాగితం వేడిలో పట్టే హాట్ బ్రాండ్ రంగులది, పేరు చివర హెచ్‌ఈ అని ఉండేవాటిది. వాళ్ళు కొంటున్న డబ్బా మీద ఎంఎక్స్ అని ఉంది. అది గది వేడిలోనే పట్టే కోల్డ్ బ్రాండ్. మొదట్లో ఒకసారి హాట్ బ్రాండ్ కొన్నప్పుడు ఇచ్చిన కాగితం, రెండేళ్ళుగా అలాగే గోడ మీద ఉండిపోయింది.

"వేడి ఎక్కువైతే రంగు ఇంకా బాగా పట్టాలి కదండీ?" అన్నారాయన. ఏడేళ్ళు మాడర్, దానిమ్మ తొక్క కాచిన మనిషి అడగాల్సిన ప్రశ్నే. ఆయన చేతికి వచ్చిన విద్యలో వేడి ఎప్పుడూ మేలే చేసింది.

కోల్డ్ బ్రాండ్ లెక్క వేరు. సోడా పడగానే ఈ రంగు పత్తిలోని సెల్యులోజ్‌తో బంధం వేసుకోవడానికి సిద్ధమవుతుంది. కానీ పక్కనే నీళ్ళున్నాయి, నీళ్ళతోనూ అదే రకం బంధం వేసుకోగలదు. ఒకసారి నీళ్ళతో చేయి కలిపాక ఆ అణువు ఇక బట్టకు పనికిరాదు. గది వేడిలో ఈ పోటీలో బట్టదే పైచేయి. 80 డిగ్రీల దగ్గర సోడా పోస్తే బట్టను చేరేలోపే చాలా రంగు నీళ్ళపాలవుతుంది. అలా చెడిన రంగు మాయమైపోదు. చూడటానికి అదే ఎరుపు, బట్టలోనే కూర్చుని ఉంటుంది, ఉతికిన ప్రతిసారీ కాస్త కాస్త దిగుతుంది. రంగు నాలుగు శాతం చేసినప్పుడు రంగు దిగడం ఎందుకు పెరిగిందో ఇప్పుడు తెలిసిపోయింది కదా.

నాలుగు ముక్కలూ ఏం చెప్పాయంటే: పాత బట్ట, 30 డిగ్రీలు, మచ్చ లేదు, ఐదో జాడింపుకు నీళ్ళు తేటపడ్డాయి. పాత బట్ట, 80 డిగ్రీలు, మచ్చ లేదు, షేడ్ పాలిపోయింది, నీళ్ళు ఎర్రగానే ఉన్నాయి. కొత్త బట్ట, 30 డిగ్రీలు, మచ్చలున్నాయి, నీళ్ళు తేటపడ్డాయి. కొత్త బట్ట, 80 డిగ్రీలు, మచ్చలూ ఉన్నాయి, రంగూ దిగింది. మచ్చలు బట్ట వెంట వెళ్ళాయి, రంగు దిగడం వేడి వెంట వెళ్ళింది. రెండు తప్పులు, ఒకదానితో ఒకటి సంబంధం లేనివి.

జాడింపులో కూడా ఒక పొరపాటు దొరికింది. వాళ్ళు చన్నీళ్ళతో రెండుసార్లు జాడించి ఆరేసేవాళ్ళు. బంధం పడిన బట్టలోనూ చెడిన రంగు కొంత ఉండనే ఉంటుంది. దాన్ని వేడి సబ్బునీళ్ళే బయటికి లాగాలి.

వంకాయ ఛాయ

ఇది తేల్చింది నేను కాదు, పెద్దాయన. ముక్కల పని అయ్యాక టీ తాగుతూ అన్నారు, "ఈసారి బట్ట పటికలోంచి తీసినప్పుడే మసకగా ఉందండీ. మాడర్‌లో వేయకముందే." నాలుగు రోజులుగా అక్కడే తిరుగుతున్నాను, ఆయన్ని ఎవరూ అడగలేదు. నేను కూడా.

వాళ్ళ పద్ధతి మంచిదే. నూలు బట్టకు ముందు కరక్కాయ నీళ్ళు, తర్వాత పటిక, ఆ తర్వాత మాడర్. మాడర్ రంగుకు పత్తి మీద సొంతంగా పట్టు చాలదు. పటికలోని అల్యూమినియం బట్టకూ రంగుకూ మధ్య వంతెనలా నిలబడుతుంది. నూలుకు ఆ అల్యూమినియం కూడా తేలిగ్గా అంటదు కాబట్టి ముందు కరక్కాయ టానిన్ పెడతారు. ఈ వంతెన లోహాన్నే మార్డెంట్ అంటారు. వంతెన మారితే రంగు మారుతుంది. అల్యూమినియం అయితే ఎరుపు, ఇనుమైతే వంకాయ రంగు నుంచి నలుపు దాకా.

కాబట్టి పటిక నీళ్ళలోకే ఇనుము వచ్చి ఉండాలి. వాడేసిన పటిక నీళ్ళు కొంచెం గాజు గ్లాసులో పోసి కరక్కాయ కషాయం వేశాను. ఈసారి నల్లబడింది. ఇనుము పటికలోనే ఉందా? నా గదిలో అదే పటికతో ఎరుపు వచ్చింది కాబట్టి పటిక తప్పు కాదు. మిగిలింది గిన్నె. ఖాళీ చేసి చూస్తే ఎనామిల్ గిన్నె లోపలి అడుగున రెండు వేళ్ళంత మేర పూత లేచిపోయి ఉంది. కొన్ని వారాల కిందట మూత జారి పడిందట.

కుళాయి నీళ్ళ పరీక్షలో ఇది ఎందుకు దొరకలేదంటే, పటిక నీళ్ళు పుల్లగా, ఆమ్లగుణంతో ఉంటాయి, బయటపడిన ఇనుమును కరిగిస్తాయి. ఉత్త నీళ్ళు ఆ కాసేపట్లో కరిగించలేవు. నేను నీళ్ళను పరీక్షించాను, రంగు పడే నీళ్ళను పరీక్షించలేదు. రియాక్టివ్ పనికి స్టీలు గిన్నె వాడుతున్నారు కాబట్టి ఆ ఎరుపుకు ఈ బాధ రాలేదు.

మార్చిన పద్ధతి

బట్ట మడతలు పూర్తిగా విప్పి, ముందు గంజి తీసే ఎంజైమ్, అమైలేజ్. మాకు దొరికినది 60 డిగ్రీల దగ్గర పనిచేసేది, గంటసేపు. ఇది గంజిని నీళ్ళలో కరిగే చక్కెరలుగా విడగొడుతుంది. అయోడిన్ చుక్క నీలం కాకుండా పసుపు గోధుమగానే ఉంటే గంజి పోయినట్టు. తర్వాత లీటరుకు ఐదు గ్రాముల సోడా యాష్, కొంచెం డిటర్జెంట్ వేసి గంటన్నర మరిగించాం, బట్ట నీళ్ళ పైకి తేలకుండా చూసుకుంటూ. నీళ్ళు డికాక్షన్ రంగుకు వచ్చాయి. "ఉతికిన బట్ట"లోంచి వచ్చిన మురికి చూసి ఆవిడకు కోపం వచ్చింది. ఆ తర్వాత నీటిచుక్క ఎక్కడ వేసినా వెంటనే ఇంకింది.

రియాక్టివ్‌కు పొయ్యి ఆపేశాం. ఉప్పు తగ్గించలేదు. నీళ్ళలో పత్తికీ, రంగుకూ రెండింటికీ ఋణావేశమే, ఉప్పు ఆ వికర్షణను తగ్గించి రంగును బట్ట వైపు నెడుతుంది. అద్దకం అయ్యాక వరస ఇది: ముందు చన్నీళ్ళు, ఉప్పూ సోడా పోయేదాకా. ఉప్పు ఉన్నంతసేపు చెడిన రంగు బట్టను వదలదు, సోడా ఉండగా మరిగిస్తే మంచి బంధం కూడా దెబ్బతినొచ్చు. తర్వాత వేడినీళ్ళు. ఆ తర్వాత దాదాపు మరిగే సబ్బునీళ్ళలో పావుగంట, నీళ్ళు మార్చి మళ్ళీ. చివరి నీళ్ళలో తెల్లబట్ట ముక్క వేసి పిండి చూడటం. రంగు ఎంత అంటిందో పోల్చి చూసే గ్రే స్కేల్‌లో 5 అంటే పక్కబట్టకు ఏమీ అంటలేదని, 1 అంటే బాగా అంటిందని. మొదట తెచ్చిన బట్ట 2 దగ్గర ఉంది, కొత్తది 4కూ 5కూ మధ్య.

ఒక జాగ్రత్త కూడా పెట్టించాను. రియాక్టివ్ పొడిని మాస్కు లేకుండా తూచేవాళ్ళు. ఆ పొడి పీలిస్తే కొందరికి ఊపిరితిత్తుల అలర్జీ పట్టుకుంటుంది, ఒకసారి పట్టుకుంటే ఆ పని మానుకోవాల్సిందే. సహజ రంగుల అలవాటుతో ఇదీ పట్టించుకోలేదు.

మాడర్‌కు గిన్నె ఒక్కటే మార్చాం, వాళ్ళ కుళాయి నీళ్ళే వాడాం. నిండు ఎరుపు వచ్చింది, నా గదిలో వచ్చిన నారింజ కాదు.

పాడైన బట్ట సంగతి

రియాక్టివ్ బట్ట అరవై మీటర్లలో ఫిక్సర్ తగలని యాభై మీటర్లను హైడ్రోస్ (రంగును విరిచే పొడి), సోడా యాష్ వేసి వేడిచేసి రంగు లాగేశాం. తలుపులు తెరిచి చేశాం, ఆ ఘాటు భరించడం కష్టం. లేత పసుపు మిగిలింది. గంజి తీసి, మరిగించి, మళ్ళీ ఎరుపు వేస్తే అడుగు పసుపు కనబడలేదు. ఫిక్సర్ తగిలిన పది మీటర్లు సమంగా రాలేదు. ఒకచోట రంగు లాగింది, ఒకచోట లాగలేదు.

మాడర్ నలభై మీటర్లను కాపాడలేకపోయాం. ఆక్సాలిక్ ఆమ్లం ఇనుమును తీస్తుంది, కానీ దాంతోపాటు పటికనూ కదిలిస్తుంది, వంతెనే పోయాక రంగు ఎక్కడుంటుంది? చిన్న ముక్క మీద చూసి మానేశాం. నీలిమందు పైన వేసి కప్పేద్దామని ఆవిడ అన్నారు. మైనం అడ్డున్నచోట నీలిమందు కూడా అంతే, మచ్చ నీలంలోనూ కనబడింది. ఆ బట్ట అలాగే ఉండిపోయింది.

ఈ కేసు నుంచి నేను నేర్చుకున్నవి

ఆవిడ బుర్రలో రంగులు రెండు రకాలు: సహజం, కృత్రిమం. చాలామందికి అంతే. సలహాదారుగా నేనూ మాటల్లో అలాగే విడగొట్టేవాణ్ణి. కానీ పొయ్యి దగ్గర ఈ విభజన పెద్దగా ఉపయోగపడదు. మాడర్ వేరులోని అలిజరిన్‌ను 1868లో గ్రేబె, లీబర్‌మన్ ప్రయోగశాలలో తయారుచేశారు. అణువు అదే, దానికీ మార్డెంట్ కావాల్సిందే. 1897 నుంచి ఫ్యాక్టరీ నీలిమందు అమ్ముతున్నారు, ఆకులోంచి వచ్చినదానిలాగే దాన్నీ ఆక్సిజన్ తగలకుండా కరిగించి, గాలి తగిలాక నీలంగా మార్చాలి. అదే 1856లో విలియం పెర్కిన్ చేసిన మావ్ రంగు, 1956లో అమ్మకానికొచ్చిన మొదటి రియాక్టివ్ రంగులు, రెండూ కృత్రిమమే, పద్ధతిలో పోలికే లేదు. ఇప్పుడు నేను ఎవరినైనా ముందు అడిగేది, ఈ రంగు బట్టను దేనితో పట్టుకుంటుంది అని. లోహపు వంతెనతోనా, రసాయన బంధంతోనా, కరగని పొడిగా మారి లోపల చిక్కుకునా. జవాబు తెలిస్తే వేడి, ఉప్పు, సోడా, గిన్నె ఎలా ఉండాలో చాలావరకు తెలిసిపోతుంది.

మచ్చ కనబడితే ఇప్పుడు ముందు బట్టను పాత మడతల్లో మడిచి చూస్తున్నాను. నిమిషం పని. ఇంకో కేసులో ఇలాగే మడిస్తే మచ్చలు కలవలేదు, అక్కడ సోడాను నేరుగా బట్ట మీద పోశారని తేలింది.

సోడా గురించి ఒక చిన్న లెక్క, ఈ కేసులో రాకపోయినా తరచూ వచ్చేది. పొడిగా ఉండే సోడా యాష్ బదులు గడ్డలుగా ఉండే చాకలి సోడా వేస్తే బరువులో సగానికి పైగా నీళ్ళే. గ్రాము సోడా యాష్ పనికి ఆ గడ్డలు 2.7 గ్రాములు కావాలి. వంట సోడా అసలు వేరే పదార్థం.

పరీక్షకు ఒక్కటే మార్చాలన్న నియమాన్ని నేను ఇతరులకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. నీళ్ళూ గిన్నే కలిపి మార్చిన రోజు నోట్‌బుక్ పేజీ చింపకుండా ఉంచాను.

ఆరు నెలల తర్వాత వేరే పని మీద అటు వెళ్ళాను. రియాక్టివ్ రంగులకు కూడా నోట్‌బుక్ మొదలైంది, గోడ మీద కాగితం లేదు. పూత లేచిన ఎనామిల్ గిన్నె పారేస్తారనుకున్నాను. మూల పొయ్యి మీదే ఉంది, కరక్కాయ, అన్నభేది (ఇనుప లవణం) వేసి నల్లరంగు కాస్తున్నారు. మూత మీద పెద్దాయన దస్తూరీతో రాసి ఉంది: "నలుపుకు మాత్రమే."